డిప్‌స్టిక్ మీద పై గీత

వ్యాను ఇంజనులో ఆయిల్ తగ్గలేదు, పెరిగింది.

పెద్దకోడలు తన కళ్ళని తనే నమ్మలేదు. డిప్‌స్టిక్‌ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, గొట్టంలోకి అడుగంటా దింపి, మళ్ళీ పైకి లాగి ట్యూబులైటు కింద పట్టుకుంది. ఆ సన్నటి ఇనప పుల్ల చివర రెండు గీతలుంటాయి. ఆయిల్ కింది గీతకన్నా తగ్గితే ఇంజను ఎండిపోయి పట్టేస్తుంది. పై గీత దాటకూడదు. ఆ షెడ్డులో ఏనాడూ దాటలేదు. ఇప్పుడు నల్లటి తడి పై గీతని దాటేసి, ఇంకో మూడు వేళ్ళ ఎత్తు పాకి ఉంది.

ఇంజనన్నాక ఆయిల్ తాగుతుంది, కారుస్తుంది, కాల్చి పొగ చేస్తుంది. అంతేగానీ కోడి గుడ్డు పెట్టినట్టు ఆయిల్ పెట్టదు. పెరిగిందంటే దారులు రెండే. డీజిల్ చిమ్మే నాజిల్ కారి అది లోపలికి దిగుతూ ఉండాలి. లేదంటే ఎవరో చేత్తో పోసి ఉండాలి.

కొత్త నాజిల్ చుట్టి వచ్చిన తెల్ల కాగితం బల్ల మీదే ఉంది. పుల్ల కొసనుంచి ఒక్క చుక్క దాని మీద రాల్చింది. డీజిల్ కలిసిన ఆయిలైతే కాగితం మీద నిలవదు, చుట్టూ లేత వలయం కట్టి పరిగెడుతుంది. ఈ చుక్క పరిగెత్తలేదు. బొట్టు పెట్టినట్టు, నల్లగా, పడ్డచోటే కూర్చుంది.

అంటే డీజిల్ కాదు. చెయ్యి.

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. డిప్‌స్టిక్‌ని చప్పుడు కాకుండా గొట్టంలో దూర్చేసింది. అరవాల్సిన మనిషి అరవలేదు. ఎందుకంటే ఆ పుల్లని ముట్టుకోవడమే ఆమె చేసిన మొదటి తప్పు.

ఆ షెడ్డుకి ఒకే ఒక్క శాసనం. డిప్‌స్టిక్ పెద్దాయన చెయ్యి. రోజూ పొద్దున్నే, ఇంకెవరూ బానెట్ కింద తల పెట్టకముందే, మావగారు వచ్చి పుల్ల లాగి చూస్తాడు, చాలకపోతే డబ్బాలోంచి ఆయిల్ పోస్తాడు, డబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. వీధి వీధంతా ఆయన్ని మేస్త్రి అనే పిలుస్తుంది. మిగతా పనులన్నీ ఒక్కొక్కటిగా పెద్దకోడలి చేతికి, చిన్నకొడుకు చేతికి ఇచ్చేశాడు. డిప్‌స్టిక్ మాత్రం ఇవ్వలేదు. మొగుడు పెళ్ళానికి చెప్పే రహస్యంలా అది ఆయనకీ ఇంజనుకీ మధ్య విషయం.

ఆమె ఈరోజు దాన్ని లాగిందంటే కారణం ఉంది. నాజిల్ బిగిస్తుంటే గాలి గొట్టం లోపల ఆయిల్ తడి కనబడింది. అక్కడ తడి ఉండకూడదు. అనుమానం పెనుభూతం కదా, చెయ్యి ఆగలేదు.

ఇప్పుడెలా చెప్పాలి? 'మావయ్యా, మీరు చూసిన పుల్లని నేను మళ్ళీ చూశాను' అనాలా? అంతకన్నా ఆయన మొహాన పేడనీళ్ళు చల్లడం మేలు.

ఆ ఆలోచనకి పట్టినంత సేపు చాలు కొంపలంటుకోవడానికి.

"స్టార్ట్ చెయ్యరా!" అన్నాడు మేస్త్రి, గోడవార కుర్చీలోంచి.

డ్రైవరు సీట్లో మరిది ఉన్నాడు. ఏడో నెలలోనే పుట్టాడని ఇంట్లో వాడికి 'తొందర' అని పేరు పడింది. పెరిగాక ఆ పేరుకి న్యాయం చేశాడు. తండ్రి నోట్లో మాట పూర్తయ్యేలోపే తాళం తిప్పాడు.

అది నాలుగు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను. ఒకటిన్నర లీటర్లది. పెద్దకొడుకు నడిపే వ్యానులో రోజూ ఆస్పత్రికి రోగుల్ని చేరవేస్తుంది. పెట్రోలు బండిలా దీనికి ప్లగ్గులూ నిప్పురవ్వలూ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే ఇంధనాన్ని అంటిస్తుంది. మొండిది, నమ్మకస్తురాలు. దానికి కావాల్సినవల్లా గాలి, కాలడానికేదైనా. ఆ 'ఏదైనా' అన్నదాంట్లోనే ఉంది ప్రమాదం.

"తొందరా, ఆగు!" అని ఆమె అరిచేసరికి వాడు యాక్సిలరేటరు తొక్కేశాడు.

ఇంజను ఒక్కసారి గుర్రుమంది. వాడు కాలు తీశాడు. ఇంజను మాత్రం తగ్గలేదు.

"కాలు తియ్యి!"

"తీసేశాను వదినా! చూడు!" వాడు రెండు కాళ్ళూ ఎత్తి చూపించాడు. చప్పుడు ఇంకా ఎక్కింది. వాడు తాళం వెనక్కి తిప్పాడు. బయటికి లాగేశాడు. తాళం వాడి చేతిలో వేలాడుతోంది. ఇంజను ఆకాశాన్నంటేలా అరుస్తోంది.

ఏం జరుగుతోందో పెద్దకోడలికి అర్థమైంది. ఎక్కువైన ఆయిల్‌ని లోపలి ఇరుసు మజ్జిగలా చిలికేసింది. ఆ నురగ గాలి గొట్టంలోకి పొంగింది. ఇంజను దాన్ని పీల్చి కాలుస్తోంది. ఇంక దానికి డీజిల్ అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తన నెత్తురు తనే తాగుతూ పగిలేదాకా పరిగెడుతుంది.

తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. ఆ షెడ్డు ఒక మేడ కింద నేలమాళిగ. మేడ మీదివాళ్ళు వాసన పడలేక లోపలి మెట్ల దారిని ఎప్పుడో ఇటుకలతో కట్టించేశారు. మధ్యాహ్నం వాళ్ళు పడుకునే వేళ చప్పుడు వస్తే గొడవ. అందుకని ఇంజను పరీక్షించాలంటే ముందున్న ఒక్క షట్టరూ దించేసి, సైలెన్సరుకి రబ్బరు గొట్టం తొడిగి, పొగని ఫ్యానుతో బయటికి తోలాలి. షట్టరు ఇప్పుడు దించే ఉంది.

"గేరులో వేసి బ్రేకు తొక్కుతా! ఆగి చస్తుంది!" అన్నాడు తొందర.

ఉపాయం మంచిదే. చేసేవాడి పేరే మంచిది కాదు. పెద్ద గేరు వేశాడు, బ్రేకు మీద కాలు బలంగా ఆనకముందే క్లచ్ వదిలేశాడు. వ్యాను అడ్డం పెట్టిన చెక్కముక్కల మీంచి దూకి, సైలెన్సరు గొట్టాన్ని తెంచుకుని, వెళ్ళి షట్టరుకి మొహం గుద్దుకుంది. రేకు పలకలు ఉబ్బి బయటికి వంగాయి. ఓ పక్క పలకల చివర్లు గాడిలోంచి ఊడొచ్చి అడ్డంగా తిరిగాయి. క్లచ్ కాలిన కంపు. ఇంజను ఆగలేదు. ఇంకా అరుస్తోంది.

"అమ్మాయ్! గాలి మూసెయ్!" పొగలోంచి మేస్త్రి గొంతు. "చేత్తో కాదు! చెయ్యి లాగేసుకుంటుంది!"

ఆమె అప్పటికే బానెట్ కింద ఉంది. జేబులోని స్క్రూడ్రైవరుతో క్లిప్పు వదులు చేసి గాలి గొట్టం ఊడబీకింది. ఆ మూతి పాములా బుసకొడుతూ గాలి పీలుస్తోంది. తను కూర్చుని పనిచేసే చెక్కపీట కాలికి తగిలింది. ఎత్తి దబ్బున ఆ మూతి మీద మోపి, ఒంట్లో బరువంతా వేసింది. పీట అతుక్కుపోయింది. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. వ్యానంతా వణికి, చచ్చిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ముందుగా వినబడింది తొందర గొంతు.

"తాళం నా చేతిలోనే ఉంది వదినా," అన్నాడు అమాయకంగా.

*

పొగ ఉంది, దారి లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, నిప్పు రవ్వ పడుతుందన్న భయంతో తొందర పరిగెత్తి మెయిన్ స్విచ్ కట్టేశాడు. దాంతో దీపాలు ఆరిపోయాయి, పొగ లాగే ఫ్యానూ ఆగింది. తప్పు చేశాడనడానికీ లేదు. నేలంతా ఆయిలు, గాల్లో ఆయిలు. ఫ్యాను స్విచ్చులో చిటుక్కుమంటే చాలు, ముగ్గురూ బొగ్గయిపోతారు.

ముందు షట్టరు గొలుసు లాగి చూశారు. కదల్లేదు. వ్యానుని వెనక్కి నెడితే కొంచెం జరిగింది గానీ షట్టరు మాత్రం వంగినచోటే బిగుసుకుపోయింది. కింద జాకీ పెట్టి ఎత్తితే ఓ జానెడు లేచింది, ఆపైన పలకలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఇంకా తిప్పితే జాకీయే జారి కోడలి ముంజేతికి రాసుకుంటూ ఎగిరింది.

మిగిలింది ఆ జానెడు సందు. ముగ్గురూ నేలమీద బోర్లా పడుకుని, మొహాలు ఆ సందులో పెట్టి గాలి పీల్చుకోవడం మొదలెట్టారు. మధ్యలో మేస్త్రి, అటు కోడలు, ఇటు కొడుకు. సందులోంచి కనబడేదల్లా వీధిలోకి ఎక్కే సిమెంటు వాలు, దాని మీద జనాల కాళ్ళు.

ముందొచ్చినవి పక్క ఇస్త్రీ కొట్టు ఆవిడ చెప్పులు. ఆవిడ వంగి తల తలకిందులుగా పెట్టింది.

"అయ్యో అయ్యో! తొట్లో చేపల్లా ఉన్నారేంటమ్మా! మేస్త్రిగారూ, ప్రాణం బానే ఉందా?"

"ఉంది. నీ గొంతు వినబడుతోందిగా," అన్నాడు మేస్త్రి.

"వెటకారం పోలేదంటే బానే ఉన్నట్టే. ఇవిగో తడిబట్టలు, మొహాన కప్పుకోండి. ఎవరి చొక్కాలో అడక్కండి. మీ పొగకి మళ్ళీ ఎలాగూ ఉతకాలి." తడి చొక్కాలు మూడు సందులోంచి లోపలికి తోసింది. "ఫైరింజను బయల్దేరిందట. వీధి మొదట్లో ఎవడో లారీ అడ్డం పెట్టాడట. అదీ ఇరుక్కుంది."

"అందరం ఇరుక్కున్నాం," అన్నాడు తొందర.

తర్వాత పెద్దకొడుకు బూట్లు పరిగెత్తుకుంటూ వచ్చాయి. వెనకే ఎవరో గ్యాసు బండతో వచ్చారు.

"ఏవండీ, గ్యాసు కట్టరు వద్దు!" కోడలు కేక పెట్టింది. "లోపలంతా ఆయిల్ పొగ. ఒక్క రవ్వ పడితే మీరు మా కోసం కోసిన షట్టరు మా పాడెకి పనికొస్తుంది."

బండ వెనక్కి దొర్లిపోయింది. కాసేపటికి రంపం బ్లేడు రేకు మీద కరకరమని మొదలైంది. చేత్తో, పలక తర్వాత పలక.

"నీళ్ళు పోస్తూ కొయ్యండి, వేడెక్కకుండా," అంది ఆమె.

"ఇదిగో, నాకు చెప్పకు. ఊపిరి దాచుకో," అన్నాడు మొగుడు.

కోత సాగుతోంది. లోపల పొగ నెమ్మదిగా కిందికి దిగుతోంది. ఇప్పుడు నడుము ఎత్తులో ఉంది. తలెత్తితే చాలు, గొంతు పట్టేస్తోంది. తొందర దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు మేస్త్రి నోరు తెరిచాడు.

"ఎంత పోశావురా?"

"ఏంటి నాన్నా?"

"ఆయిల్. ఎంత పోశావు? ఆ ఇంజను ఆయిల్ తాగి అరిచింది. ఆ అరుపు నాకు తెలీదనుకున్నావా? పొద్దున నేను చూసినప్పుడు సరిగ్గా పై గీత దగ్గరుంది. మీ వదిన నాజిల్ తేవడానికి బజారెళ్ళింది. మీ అన్న వ్యాను పెట్టేసి ఇంటికెళ్ళి పడుకున్నాడు. షెడ్డులో ఉన్నది నువ్వు. బీరువా తాళంచెవి మేకుకే వేలాడుతోంది. ఇంకెవడు పోస్తాడు, దెయ్యమా?"

"నేనెందుకు పోస్తాను?"

"ఎందుకా? మొన్న అన్నం తింటూ ఏమన్నావు? ఈ ఇంజను పగిలితే గానీ ఈ ఇంట్లో ఎవరికీ కళ్ళు తెరుచుకోవన్నావా లేదా? కొత్త ఇంజను కొనమని ఎన్నాళ్ళనుంచి సతాయిస్తున్నావు?"

అన్నమాట నిజమే. ఆ ఇంట్లో అందరూ విన్నారు. రంపం శబ్దం ఒక్క క్షణం ఆగింది, బయట అన్నకీ వినబడినట్టుంది.

"సొంత అన్న నడిపే బండిరా అది," అన్నాడు మేస్త్రి, సిమెంటు నేలకేసి చూస్తూ. "కొండ దారిలో ఇలా అరిచుంటే? వెనక రోగులుంటే? షట్టరు తెరుచుకోగానే నీ దారి నువ్వు చూసుకో. మళ్ళీ ఈ షెడ్డులో అడుగు పెట్టొద్దు. నా ఇంట్లో కూడా."

"నాన్నా, అది కాదు..." అన్నాడు బయటినుంచి పెద్దవాడు.

"నువ్వు కొయ్యి!"

రంపం మళ్ళీ మొదలైంది.

"సరే," అన్నాడు తొందర. తడి చొక్కాలో మొహం దాచుకున్నాడు. "ఏడో నెలలోనే బయటికొచ్చేసిన వాణ్ణి. ఇంట్లోంచి బయటికెళ్ళడం నాకెంతసేపు."

వాడెప్పుడు హాస్యమాడినా నవ్వు వచ్చేది. ఈసారి ఎవరికీ రాలేదు. వాడు నిజంగానే వెళ్ళిపోతాడని పెద్దకోడలికి తెలుసు. ఆ తండ్రీకొడుకులిద్దరూ ఒకే అచ్చులో పోసిన ఇనుము. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఇద్దరికీ రాదు. షట్టరు తెరుచుకునేలోపు తేలాలి, తెరుచుకుంటే తేలదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె పరిస్థితి. ఊపిరి కోసం ప్రాణం 'తొందరగా కొయ్యండి' అంటోంది. మనసు 'మెల్లిగా, మెల్లిగా' అంటోంది.

వాడు పోశాడా? ఆమె జేబులో చెయ్యి పెట్టింది. మడిచిన కాగితం తగిలింది.

*

సందులోంచి పడే వెలుతురులో కాగితం విప్పింది. నల్లటి బొట్టు. మధ్యలో నలుపు, అంచున నలుపు.

ఆమె దానికేసి చూస్తూ ఉండిపోయింది. కొత్త ఆయిల్ తేనెరంగులో ఉంటుంది. డీజిల్ ఇంజనులో పడ్డాక ఒక్క రోజు పరిగెత్తితే చాలు, మసి పట్టి కాటుకైపోతుంది. తొందర ఈ పొద్దున్నే అంత కొత్త ఆయిల్ ఒక్కసారి పోసుంటే, ఇంజను ఆ తర్వాత తిరగనే లేదు, ఈ చుక్క నల్లగా ఉండదు. లేతగా, పల్చని కషాయంలా ఉండాలి. ఇది పూర్తి నలుపు. అంటే ఇది ఇవాళ పడ్డది కాదు. కొంచెం కొంచెంగా, రోజూ, మసి పట్టే తీరిక ఇస్తూ పడ్డది.

ఆమె కాగితం మడిచేసింది.

"ఏవండీ," అంది సందులోకి. "మీరు నీలం పొగ వస్తోందన్నారు కదా, ఆయిల్ కాలినట్టు. ఎప్పట్నుంచి?"

"ఇప్పుడా అడిగేది?"

"చెప్పండి ముందు."

రంపం లయ తప్పలేదు. "నువ్వు రింగులు మార్చాక కొన్నాళ్ళు ముత్యంలా నడిచింది. ఓ మూడు వారాలనుంచి ఎత్తు ఎక్కితే పొగ. నాన్నకి చెప్పాను. నాజిలన్నాడు."

రెండు నెలల కిందట ఆ ఇంజను విప్పి పిస్టన్ రింగులు మార్చింది ఆమే. పాతవి అరిగిపోయి, ఆయిల్ రోజూ కాస్త కాస్తగా కాలిపోయేది. మేస్త్రి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో రింగునీ చేతికిస్తే బొటనవేలితో తడిమి 'ఊఁ, వెయ్యి' అన్నాడు. స్పానర్లు కూడా చూడకుండా తడిమే నంబరు చెప్పేవాడు. ఆయన చేతి నేర్పు చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఈ మధ్య మనిషి లోపలికి రాగానే 'ఎవరూ?' అనడం, పలికాక గానీ పేరు పెట్టి పిలవకపోవడం గుర్తొచ్చాయి. మొన్న కళ్ళెదురుగా బల్ల మీదున్న టీ గ్లాసుని మోచేత్తో తోసేసి, 'ఎవడ్రా ఇక్కడ పెట్టింది?' అని తొందరమీద విరుచుకుపడటం గుర్తొచ్చింది. పెద్దవయసు చిరాకనుకున్నారు.

రోజూ ఆ పుల్లని ముట్టుకునే చెయ్యి ఒక్కటే. ఆమె పక్కకి తిరిగి చూసింది. మేస్త్రి సందులోంచి బయటికి చూస్తున్నాడు. చూస్తున్నట్టే ఉన్నాడు.

అడగొచ్చు. అడిగితే 'నా కళ్ళకేం?' అంటాడు. అంతటితో తలుపు మూసుకుంటుంది. ఆ తలుపుకి రంపాలు పనిచెయ్యవు.

"ఇంకెన్ని పలకలండీ?"

"రెండు. ఓర్చుకో."

పెద్దకోడలు తడి చొక్కాని ముక్కుకి గట్టిగా కట్టుకుని లేచింది.

"వదినా! ఎక్కడికి? చచ్చిపోతావు!"

"ఇక్కడే, వ్యాను దాకా. కాలు పట్టుకోకు."

పొగలోకి వెళ్తే కళ్ళు కారం పూసినట్టు మండాయి. ఆమె కళ్ళు మూసేసుకుంది. ఈ ఇంజనుకి కళ్ళెందుకు? బంపరు, దాని మీంచి బానెట్ అంచు, ఎడమకి జానెడు, కిందికి. వేడి గొట్టానికి చెయ్యి తగిలి చుర్రుమంది. డిప్‌స్టిక్ పిడి రింగు వేలికి దొరికింది. లాగింది. ఛాతీలో గాలి అయిపోయింది. నేలమీది ఆయిల్ మీద కాలు జారి మోకాళ్ళ మీద పడింది. అలాగే పాక్కుంటూ, మొహానికున్న చొక్కా ఊడబీకి, దానితో పుల్లని కొస దాకా తుడిచింది. ఒకసారి కాదు. వేలికి ఏమీ అంటనంత వరకూ.

సందు దగ్గర పడి ఆబగా గాలి మింగింది. తొందర ఆమె వీపు నిమురుతున్నాడు.

"పిచ్చా వదినా నీకు? ఇప్పుడు దీంతో ఏం పని?"

"పని ఉంది." దగ్గు ఆపుకుంది. "మావయ్యా. వీణ్ణి ఇంట్లోంచి పంపించే ముందు సాక్ష్యం సరిగ్గా ఉండాలి. ఈ పుల్లని నేను చూడకూడదు, వాడు చూడకూడదు. మీరే చూసి చెప్పండి. ఎంత ఎక్కువుంది?"

మేస్త్రి చెయ్యి చాపాడు. పిడి ఆయన వేళ్ళ మధ్య పెట్టింది. ఆయన అలవాటైన చేత్తో పుల్లని పైకెత్తి, సందులోంచి పడుతున్న ఎండకి అడ్డంగా పట్టుకున్నాడు. కోసిన పలకల సందునుంచి ఇప్పుడు వెలుతురు బాగానే వస్తోంది. ఉక్కు పుల్ల కొత్త సూదిలా తళతళలాడింది. రెండు గీతలూ చీమకి కూడా కనబడేంత స్పష్టంగా ఉన్నాయి. వాటి మీద చుక్క ఆయిల్ లేదు.

మేస్త్రి కళ్ళు చిట్లించాడు. తల పక్కకి తిప్పి ఇంకోసారి చూశాడు.

"చూశారా," అన్నాడు. "పై గీత దాటి మూడు వేళ్ళు. కారిపోతోంది. ఇంత పోశాడు వెధవ!"

తొందర తల ఎత్తాడు. ఆ పొడి పుల్లకేసి చూశాడు, తండ్రి మొహంకేసి చూశాడు. నోరు తెరవబోయాడు. పెద్దకోడలు మేస్త్రి వీపు మీదుగా చెయ్యి చాపి వాడి మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఎవరూ మాట్లాడలేదు. రంపం మాత్రం కరకరమంటోంది. ఆ మౌనం ఎంతసేపు సాగిందంటే, ఎవరూ ఔననకపోవడం, కాదనకపోవడం మేస్త్రికి అర్థమయ్యేంత సేపు. ఆయన రెండో చెయ్యి మెల్లిగా పైకొచ్చింది. చూపుడువేలూ బొటనవేలూ పుల్ల కొసని పట్టుకుని కిందినుంచి పైకి నడిచాయి. కింది గీత దాటాయి. పై గీత దాటాయి. పిడి దాకా వెళ్ళాయి.

ఆయన ఆ రెండు వేళ్ళనీ ఒకదానికొకటి రాసి చూసుకున్నాడు. పొడి.

"నాన్నా, ఆఖరి పలక!" బయటినుంచి పెద్దవాడు అరిచాడు. "ఇంకొక్క నిమిషం!"

"ఆపరా," అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"కొయ్యడం ఆపు. అది తెరుచుకున్నాక నాకు నోరు రాదు."

రంపం ఆగింది. పెద్దవాడి బూట్లు సందు ముందు మోకాళ్ళుగా మారాయి. మేస్త్రి డిప్‌స్టిక్‌ని గుండెకి ఆనించుకుని, ఎవరికేసీ తిరక్కుండా చెప్పాడు.

"పోసింది నేను. వాడు కాదు. నాకు ఈ గీతలు కనబడక ఏడాదవుతోంది. చూపు నడిమధ్యలో ఓ మసక మచ్చ కూర్చుంది. నేనెటు చూస్తే అదటు వస్తుంది. మీ మొహాలు కూడా పక్కచూపుతోనే చూస్తున్నాను. చెబితే ఏం చేస్తారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఈ పుల్ల తీసుకుంటారు. పుల్ల పోయాక ఈ షెడ్డులో నేనేంటి? ఆ కుర్చీతో పాటు ఇంకో కుర్చీ. ఈ ఇంజను సంగతి కళ్ళు లేకపోయినా నాకు తెలుసనుకున్నాను. రోజుకి డబ్బా మూతతో మూతెడు తాగేది. అందుకని రోజూ పుల్ల లాగి, చూసినట్టు నటించి, మూతెడు పోశాను. అమ్మాయ్, నువ్వు రింగులు మార్చాక అది తాగడం మానేసింది. అంత బాగా చేశావు పని. నేనే పొయ్యడం మానలేదు. మానితే ఎప్పుడు మళ్ళీ పొయ్యాలో తెలీదు కదా. ఎండిపోయి చచ్చిపోతుందేమోనని భయం. పెద్దోడా, నువ్వు నీలం పొగన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. నాజిలని నోటికొచ్చింది చెప్పి, నిన్ను ఆ బండితోనే కొండెక్కించాను. ఇందాక అది అరవడం మొదలెట్టగానే నాకు మొత్తం అర్థమైపోయింది. ఎవరు పోశారో, ఎంత పోశారో, అన్నీ. అయినా నోరు తెరిచేసరికి వీడి పేరు వచ్చింది. ఎప్పుడూ తిట్టేది వీణ్ణే కదా, నా నోటికి ఆ దారే అలవాటు. పొద్దున సరిగ్గా ఉందన్నది అబద్ధం. ఇప్పుడు కారిపోతోందన్నది అబద్ధం. పొమ్మనాల్సింది వాణ్ణి కాదు. తొందరా, ఎక్కడున్నావురా, ఇటువైపేనా? చెయ్యి పట్టు. ఈ పుల్ల ఇంక నీ దగ్గర పెట్టుకో."